46 టైపు మిషన్లు, ఒక మూడో గది

ప్రశ్న: మాది రాజమండ్రి. మావారికి 66 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. అది మూసేశాక కూడా మిషన్లు వదల్లేదు సరికదా, ఇంకా కొన్నారు. ఇప్పుడు మొత్తం 46. వాటిలో 28 పెద్దవి, 18 పోర్టబుల్స్. పెద్దవాటిలో నాలుగు తెలుగు మిషన్లు. ఈ ఏడాది చివర్లో పుణెలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి మకాం మార్చాలనుకున్నాం. నాలుగో అంతస్తులో మూడు బెడ్‌రూముల ఫ్లాటు, రెండేళ్ల మనవరాలు ఉంది. అబ్బాయి ‘పన్నెండు తెచ్చుకోండి చాలు’ అంటాడు. ఈయన ‘అన్నీ వస్తేనే నేనొస్తా’ అంటారు. వారం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నాన్న ఊళ్లో లేనప్పుడు పాత ఇనుము వాడిని పిలిచి సగం తూకానికి వేసెయ్యమని అబ్బాయి నాకు ఫోన్లో చెప్పాడు. కోడలు ఏమీ అనదు. నన్నేం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ పాత ఇనుము సంగతి. ఆ పని మాత్రం చెయ్యకండి. సలహా ఇచ్చింది అబ్బాయే అయినా, చేసింది మీరవుతారు. రేపు పుణెలో తండ్రీకొడుకులు ఎలాగోలా కలిసిపోతారు. ఆయన కోపం మాత్రం మీ మీద మిగిలిపోతుంది, అదీ కొత్త ఊళ్లో, మీకు మీరిద్దరే తోడుగా ఉండాల్సిన చోట. అబ్బాయితో ఒక్క మాట చెప్పండి: ‘ఆ పని నేను చెయ్యను. ఇంకోసారి నన్ను అడగకు.’ ఈ సంగతి మీవారి దాకా తీసుకెళ్లక్కర్లేదు.

ఇక అసలు గొడవ. పన్నెండా, నలభై ఆరా అని బేరమాడినంత కాలం ఇది తేలదు. పన్నెండు అన్న లెక్క అబ్బాయికి ఎక్కణ్నుంచి వచ్చిందో అబ్బాయికే తెలియదు. మిషన్ల లెక్క పక్కన పెట్టి గోడ లెక్క అడగండి. మూడో గదిలో ఎన్ని అడుగుల గోడ ఇస్తారు? ఈ ప్రశ్న అబ్బాయికి కాదు, కోడలికి వెయ్యాలి, అదీ మీరొక్కరే, తీరిగ్గా ఉన్నప్పుడు. ఆ ఇల్లు సర్దుకునేది ఆమె. ఆమె ఏమీ అనడం లేదంటే ఒప్పుకుందని కాదు, ఇంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదని. ‘ఆ గదిలో నీకేం కావాలమ్మా, పాప మంచం ఎటు వేస్తావు, మిగిలిన గోడ ఎంత?’ అని అడిగితే ఆమే టేపు పెట్టి కొలిచి చెబుతుంది.

తొమ్మిది అడుగుల గోడ దొరికిందనుకుందాం. మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, అయిదు అరలున్న ఇనుప యాంగిల్ ర్యాకులు మూడు పడతాయి. రోలర్ మరలు (రోలర్‌ను తిప్పడానికి రెండు పక్కలా ఉండే పిడులు), లైను మార్చే లీవరు కలుపుకుని ఒక పెద్ద మిషన్‌కు అడుగున్నర జాగా కావాలి. అంటే అరకు రెండు. కింది మూడు అరల్లో ఆరు పెద్దవి, పై రెండు అరల్లో ఒకదానిమీద ఒకటి కాకుండా సర్దితే నాలుగు, పెట్టెల్లోనే ఉంచి కొన్నిటిని జంటలుగా పేర్చితే ఆరు పోర్టబుల్స్. మూడు ర్యాకులకు కలిపి 18 పెద్దవి, 18 పోర్టబుల్స్. మొత్తం 36. గోడ ఆరడుగులే అయితే 24. ఎలా చూసినా అబ్బాయి అన్న పన్నెండుకు రెట్టింపు. మీవారికి ఈ అంకె మీ నోటి నుంచి కాకుండా కాగితం మీద గీసిన బొమ్మలో కనబడాలి. ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషికి బల్లల లెక్క ఒకరు నేర్పక్కర్లేదు.

‘అంత ఇనుము పెడితే శ్లాబు ఆగుతుందా’ అని అబ్బాయి అడగవచ్చు. అడగడంలో తప్పు లేదు. పెద్ద మిషన్ సుమారు 15 కిలోలు, పెట్టెతో సహా పోర్టబుల్ సుమారు 6 కిలోలు. ర్యాకు బరువు కలిపి ఒక్కోటి 155 కిలోలు, మూడూ కలిపి 465. ఇళ్ల గదులకు శ్లాబు డిజైను చేసేటప్పుడు మన ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల వాడకపు బరువు లెక్కలోకి తీసుకుంటారు. పది పన్నెండడుగుల గదిలో గోడ వారగా పరిస్తే ఇది పెద్ద భారం కాదు. గది మధ్యలో గుట్టగా పోస్తేనే ఇబ్బంది. బాల్కనీలో మాత్రం వద్దు. అక్కడ బరువు కన్నా వాన ఎక్కువ ప్రమాదం. చిన్నపిల్ల ఉంది కాబట్టి ప్రతి ర్యాకునూ పైన గోడకు బోల్టులతో బిగించండి. మిషన్ అంచు ర్యాకు అంచు దాటి బయటికి రాకూడదు.

36 పడితే మిగిలిన పదీ పెద్దవే. వాటిని ఎంచాల్సింది ఆయనే. మీరు గానీ అబ్బాయి గానీ వేలు పెట్టి చూపించవద్దు. ఇన్‌స్టిట్యూట్ మిషన్లు కాబట్టి వాటిలో ఒకే మోడల్ గోద్రెజ్‌లు, రెమింగ్టన్‌లు అరడజను ఉండే ఉంటాయి. అలాంటి జతల్లో పనిచేయనివి రెండు మూడు విప్పించి రోలర్ మరలు, రబ్బరు కాళ్లు, స్ప్రింగులు, రిబ్బన్ స్పూళ్లు, క్యారేజీని (కాగితాన్ని పట్టుకుని పక్కకు జరిగే పై భాగం) లాగే పట్టీలు ఒక డబ్బాలో పెట్టుకోమనండి. గోద్రెజ్ 1955లో దేశీయంగా టైపు మిషన్ మొదలుపెట్టింది. ఇప్పుడు ఇక్కడ కొత్తవి ఎవరూ చేయడం లేదు. ఆ డబ్బా పదికిలోలే ఉంటుంది గానీ, మిగిలిన మిషన్లకు ఆయుష్షు అదే. బాగున్న మిషన్లు ఇంకా నడుస్తున్న ఇన్‌స్టిట్యూట్లకో, పాత విద్యార్థులకో ఆయన చేత్తోనే ఇప్పించండి. తెలుగు మిషన్లు నాలుగూ మాత్రం కదిలే జాబితాలో మొదట రాయండి. వాటిని చూసే మెకానిక్ పుణెలో దొరకడం కష్టం. బయల్దేరే ముందే రాజమండ్రిలో సర్వీసు చేయించండి. ఒత్తులు, గుణింతాల గుర్తులు కొట్టినప్పుడు క్యారేజీ జరగకూడని కీలుంటాయి కదా, వాటిని ఒక్కొక్కటిగా కొట్టి చూడమనండి.

ఇప్పుడు ప్యాకింగ్. మీ ఇంట్లో అసలు తగువు మొదలయ్యేది నిజానికి పుణెలో పెట్టెలు విప్పిన రోజున, నాలుగు మిషన్లు విరిగి కనబడినప్పుడు. ప్యాకర్స్ వాళ్లకు మిక్సీ, టీవీ తెలుసు గానీ టైపు మిషన్ తెలియదు. వాళ్లు చేసే మొదటి పొరపాటు రోలర్ రెండు మరలూ పట్టుకుని ఎత్తడం. బరువంతా రోలర్ ఇరుసు మీద పడి మర విరుగుతుంది, లేదా క్యారేజీ పట్టాలు వంగుతాయి. ఎప్పుడూ అడుగు ఫ్రేమునే రెండు చేతులా పట్టి ఎత్తాలి.

క్యారేజీని మధ్యకు తెచ్చి, రెండు మార్జిన్ స్టాపులనూ దాని దగ్గరికి జరిపి ఆపండి. పోర్టబుల్స్‌కు క్యారేజీ లాకు ఉంటే అదీ వెయ్యండి, కానీ దాని ఒక్కదాన్నే నమ్మవద్దు. తర్వాత అంగుళం వెడల్పు నూలు నాడాతో క్యారేజీని ఫ్రేముకు రెండు వైపులా కట్టండి. ఇలా కట్టకపోతే లారీ గతుకులో పడిన ప్రతిసారీ క్యారేజీ ఆ చివరికీ ఈ చివరికీ కొట్టుకుని, ఒక్కో అక్షరం చొప్పున జరిపే పళ్ల చక్రం దెబ్బతింటుంది. పట్టీ తెగుతుంది. షిఫ్ట్ లాకు వదిలేసి ఉండాలి. పేపర్ రిలీజ్ లీవరు ముందుకు లాగి ఉంచితే రోలర్‌ను నొక్కే చిన్న రబ్బరు రోలర్లు ఒకవైపు అణగకుండా ఉంటాయి. అక్షరాల బుట్ట మీద మెత్తటి పాత బట్ట నాలుగు మడతలు వెయ్యండి. రిబ్బన్ తీసి, ఏ మిషన్‌ది దానికే పాలిథిన్ కవరులో పెట్టండి. తీసే ముందు రిబ్బన్ ఎటు తిరిగి ఎక్కుతుందో ఒక ఫొటో తీసుకోండి.

చుట్టడంలో వరుస ముఖ్యం. ముందు నూలు బట్ట లేదా బ్రౌన్ పేపరు, దాని మీద బబుల్ షీటు రెండు చుట్లు, ఆపైన కవరు, కవరులో 100 గ్రాముల సిలికా జెల్. ప్లాస్టిక్ నేరుగా ఇనుముకు తగిలితే లోపలి చెమ్మ బయటికి పోక తుప్పు పడుతుంది, బుడగల అచ్చు రంగు మీద దిగుతుంది. అట్టపెట్టె కనీసం అయిదు పొరలది కావాలి. అడుగున రెండంగుళాల థర్మకోల్ పలక, నాలుగు వైపులా పైనా కూడా అంతే. నలిపిన న్యూస్‌పేపరు పదిహేను కిలోల కింద వంద కిలోమీటర్లు తిరక్కుండానే అణిగిపోతుంది. థర్మకోల్ గుండ్లు అసలే వద్దు. అవి టైపు బార్ల (చివర అక్షరాలుండే సన్నటి కడ్డీలు) సందుల్లో దూరితే ఆయన వాటిని ఏరుతూ పుణెలో మొదటి నెలంతా గడపాల్సి వస్తుంది. పెట్టెకు ఒకటే పెద్ద మిషన్. పోర్టబుల్ పెట్టె చేతిలో మోసుకెళ్లడానికి చేసింది, లారీకి కాదు. పెట్టెలో పెట్టాక లోపల కదలకుండా బట్ట కుక్కి, దాన్ని మళ్లీ అట్టపెట్టెలో పెట్టాలి. క్యారేజీ పొడుగ్గా ఉండే మిషన్లు ఉంటే వాటికి చెక్కపెట్టె చేయించండి, అట్ట ఆగదు.

ఒక్కో పెద్దదానికి ముప్పావుగంట పడుతుంది. రోజుకు రెండు చొప్పున నెల ముందే మొదలుపెడితే ఆయనకు ఒళ్లు అలవదు. ప్రతి మిషన్‌కూ నాలుగు వైపులా ఫొటో, ఫ్రేము మీది సీరియల్ నంబరు, దానితోనే కొట్టిన ఒక షీటు ఫైలులో పెట్టుకోమనండి. ఇన్సూరెన్సు క్లెయిముకు సాక్ష్యం అదే. ప్యాకర్స్ ‘ఇన్సూరెన్సు మేమే చూస్తాం’ అంటే పాలసీ నంబరు, మీ పేరున సర్టిఫికెట్ అడగండి. అవి చూపించలేకపోతే ఆ మాట లెక్కలోకి తీసుకోవద్దు.

నెల ఎంచుకోవడంలో తొందరపడవద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రెండు ఊళ్లలోనూ వానలే. దీపావళి దాటింది కదా అనుకుంటే, నవంబరులో మన కోస్తాకు తుపాన్లు వస్తాయి. డిసెంబరు, జనవరి మేలు. 900 కిలోమీటర్ల పైచిలుకు దారి. పార్ట్ లోడు, అంటే ఇతరుల సరుకుతో కలిపి పంపితే, మధ్యలో గోడౌన్లలో దింపి ఎక్కిస్తారు, అన్ని చేతులు మారేకొద్దీ అన్ని దెబ్బలు. ఇంటి సామానుతో కలిపి మీకే ఒక లారీ మాట్లాడుకోండి. మిషన్లు క్యాబిన్ వైపు గోడకు ఆనించి, రెండు వరుసల ఎత్తుకు మించకుండా, కాళ్ల మీదే నిలిచేట్టు పెట్టాలి. లారీ వెనక భాగమే ఎక్కువ ఎగురుతుంది. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే పత్రం) అక్కర్లేదు. కానీ దారిలో అన్ని మిషన్లు చూసి వ్యాపారపు సరుకనుకుంటే పేచీ వస్తుంది. సీరియల్ నంబర్ల జాబితా, ‘ఇవి నా సొంత పాత మిషన్లు’ అని సంతకం చేసిన కాగితం డ్రైవరు దగ్గర ఉంచండి.

ఆయనకు ప్రాణమైన పోర్టబుల్స్ రెండు మీతో రైల్లో తీసుకెళ్లండి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో ఎక్కితే పుణెలోనే దిగొచ్చు. థర్డ్ ఏసీలో మనిషికి 40 కిలోల దాకా సామాను ఉచితం.

ఫ్లాటు లిఫ్టులో రాసిన బరువు చూడండి. ఎనిమిది మంది లిఫ్టు అంటే 544 కిలోలు, మనుషులతో కలిపి. ఒక్కోసారి పది పెట్టెలకు మించవద్దు. చేరిన రోజే విప్పకుండా ఒక రోజు ఆ గదిలోనే పెట్టెలు వదిలెయ్యండి. చల్లటి ఇనుముకు వెచ్చటి గాలి తగిలితే చెమ్మ పడుతుంది. విప్పాక ముందు నాడాలు, తర్వాత మార్జిన్లు. క్యారేజీ కదలకపోతే బలంగా నెట్టవద్దు, ఏదో ముక్క అడ్డుపడిందేమో వెతకాలి. కీలు బిగుసుకున్నాయని అక్షరాల బుట్టలో కొబ్బరినూనో కుట్టుమిషన్ నూనో పొయ్యనివ్వకండి, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. టైపు చేసే బల్ల మీద మందపాటి ఫెల్ట్ ముక్క, పాప పడుకునే వేళల్లో టైపు బంద్. ఈ షరతు మీరే ముందు పెడితే కోడలు అడగాల్సిన అవసరం రాదు.

ఇంత చేసినా ఆయన ‘46 వస్తేనే’ అంటే, అడ్డు మిషన్ల దగ్గర లేదు. రాజమండ్రిలో ‘మాస్టారూ’ అని పిలిచే ఊరు వదిలి, కొడుకింట్లో ఒక గదికి వెళ్లడానికి మనసు ఒప్పడం లేదు. ఆ మాట మీరు ఆయన ముందు అనకండి. ఇల్లు ఖాళీ చేయకుండా ఇద్దరూ పుణె వెళ్లి ఒక నెల ఉండి రండి. మూడో గది గోడ ఆయనే టేపు పెట్టి కొలుచుకుంటారు. ఇక్కడ వదలాల్సిన పది మిషన్లను వెంటనే ఇచ్చేయమనకుండా, నమ్మకస్తుడైన పాత విద్యార్థి ఇంట్లో ఆర్నెల్లు ఉంచండి. తాళం ఆయన దగ్గరే ఉండనివ్వండి.