కమోడ్ అవుట్‌లెట్ గోడ పైపుకి అందట్లేదు, ఫ్లెక్సిబుల్ కనెక్టర్ పెట్టించొచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ వేయించారు, ఫ్లోర్ లేచింది, దాంతో కమోడ్ వెనక అవుట్‌లెట్ గోడలో పైపు కంటే రెండు సెంటీమీటర్లు పైకొచ్చింది, ప్లంబరేమో ఫ్లెక్సిబుల్ పెట్టేస్తా అంటున్నాడు. అంతేగా? అయితే మీరు అదృష్టవంతులండీ. పైనుంచి కిందకే కదా పోయేది. ఆ మాత్రం తేడాకి ఆఫ్‌సెట్ కనెక్టర్ అని, రెండు చివరలూ ఒకే వరసలో కాకుండా కాస్త ఎత్తుపల్లంగా ఉండే గట్టి ప్లాస్టిక్‌ది దొరుకుతుంది, లోపల నున్నగా ఉంటుంది, అది పెట్టించండి. మీ ప్లంబర్ ఫ్లెక్సిబుల్ అంటున్న ఆ ముడతల గొట్టం మాత్రం నేనైతే మా శత్రువు ఇంట్లో కూడా పెట్టనివ్వను.

ఎందుకంటే మా ఇంట్లో ఇదే కథ ఉల్టా జరిగింది. స్నానం చేసినప్పుడల్లా నీళ్లు బెడ్రూమ్‌లోకి వస్తున్నాయని రిపేర్‌లో భాగంగా ఫ్లోర్ దించమన్నాం. మేస్త్రీ పాత టైల్స్, కింద ఉన్నదంతా లేపేసి, నీళ్లు పారేలా మంచి వాటం ఇచ్చి కొత్తవి వేశాడు, ఆయన పనికి వంక పెట్టడానికి లేదు. కానీ గోడలో పైపు పాతదే, ఉన్నచోటే ఉంది. ఫ్లోర్ దిగితే కమోడ్ కూడా దిగుతుంది కదా, అవుట్‌లెట్ కాస్తా పైపు కంటే కిందకెళ్లింది. అంటే లోపలిది బయటికి పోవాలంటే గట్టెక్కి పోవాలి. ప్లంబర్ చూసి, ఇదొక సమస్యా అన్నట్టు సంచీలోంచి ముడతల కనెక్టర్ తీసి, లాగి, పైకి వంచి, రెండు వైపులా ఎక్కించేసి, వెంటనే వైట్ సిమెంట్ కలపడం మొదలుపెట్టాడు.

అప్పుడు మా బాబాయ్ అడ్డుపడ్డాడు. "ఆగు బాబూ, మూసేముందు నీళ్లు పోసి చూద్దాం." ప్లంబర్ మొహం మాడిపోయింది, ఇన్నేళ్ల నుంచి చేస్తున్నా సార్, లీకైతే నాకు ఫోన్ చేయండి అన్నాడు. బాబాయ్ వింటేగా. బకెట్ నీళ్లలో బట్టలకి పెట్టే నీలిమందు కలిపి, జాయింట్ చుట్టూ టిష్యూ పేపర్ చుట్టి, ఇక పొయ్యి అన్నాడు. మొదటి బకెట్‌కి ఏమీ కాలేదు, ప్లంబర్ మా వైపు చూసిన చూపు చూడాలి. బాబాయ్ ఇంకా పొయ్యమన్నాడు. ఆపకుండా పోస్తూ పోతే టిష్యూకి అడుగున చిన్న నీలం చుక్క వచ్చింది, చూస్తుండగానే రూపాయి బిళ్లంత అయింది. పోయడం ఆపాక ఆ గొట్టాన్ని కింద నుంచి చేత్తో నొక్కితే లోపల గలగల, నీళ్లు అక్కడే నిలబడి ఉన్నాయి. ఉత్త నీళ్లే నిలబడితే మిగతాది పోతుందా? ముడతల్లో ఇరుక్కుని, ఎప్పుడో పండక్కి ఇంటి నిండా చుట్టాలున్న రోజే జామ్ అవుతుంది.

అప్పటికీ ప్లంబర్ సిలికాన్ కొట్టేద్దాం సార్ అనే అన్నాడు. లీక్ ఆపితే నీళ్లు గట్టెక్కుతాయా? చివరికి మేస్త్రీయే దారి చూపించాడు. గోడ పగలగొట్టి పైపు దించడం కంటే కమోడ్‌నే లేపుదాం అని, దాని అడుగు సైజుకి గ్రానైట్ ముక్క కోయించి కింద పరిచాడు. ఎత్తు సరిపోయింది, మామూలు నేరు కనెక్టర్ నున్నగా ఎక్కింది, మళ్లీ నీలం నీళ్లు పోస్తే ఈసారి టిష్యూ తడవలేదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకి ఆ ఎత్తే నచ్చింది, అది వేరే సంగతి.

అసలు ఈ గొడవంతా ఎక్కడ మొదలవుతుందో తెలుసా, కమోడ్ ఆఖర్న కొనడం దగ్గర. అందరూ ముందు టైల్స్ డిజైన్, లైట్లు, అద్దం అంటూ తిరుగుతారు. గోడలోకి పోయే పీ ట్రాప్ రకానికి ఫ్లోర్ నుంచి అవుట్‌లెట్ మధ్యకి సాధారణంగా 18 సెంటీమీటర్లు ఉంటుంది, నేలలోకి పోయే ఎస్ ట్రాప్ అయితే గోడ నుంచి ఎంత దూరమో చూడాలి, అందులో 10, 22, 30 సెంటీమీటర్లవి ఇలా రకరకాలు ఉంటాయి. ఈ కొలతలన్నీ టైల్స్ వేశాక ఉండే ఫ్లోర్ నుంచి, గోడ నుంచి తీసుకోవాలి, ఉత్త సిమెంట్ మీద నుంచి కాదు. కమోడ్‌తో వచ్చే డ్రాయింగ్‌లో అన్నీ ఉంటాయి, షోరూమ్‌లో అడిగితే మాత్రం ఫ్లష్ సౌండ్ రాదు సార్, సీటు మెల్లగా పడుతుంది సార్ అంటారు. సీటు మెల్లగా పడితే ఏం లాభమండీ, పడాల్సింది పడకపోతే! ఇక తేడా వచ్చాక మేస్త్రీ తప్పని ప్లంబర్, ప్లంబర్ తప్పని మేస్త్రీ. వీడియోల్లో చూద్దామంటే సరిగ్గా జాయింట్ దగ్గరే కట్ చేసి మెరిసే బాత్రూమ్ చూపిస్తారు.

వాటం సంగతి కూడా చెప్పాలి. కమోడ్ నుంచి పోయే 110 ఎంఎం పైపుకి మీటరుకి ఒకటింపావు నుంచి రెండున్నర సెంటీమీటర్ల వాటం ఉంటే చాలు. లెవెల్ పెట్టి చూడమనండి, కంటితో చూసి పర్లేదు సార్ అంటే ఒప్పుకోవద్దు.

ఆ వైట్ సిమెంట్ పిచ్చి ఎవరు నేర్పారో గానీ, కనెక్టర్‌లో రబ్బరు ఉన్నదే సీల్ కోసం, దాని మీద సిమెంట్ దేనికి? కమోడ్ కాస్త కదిలితే చాలు పగులుతుంది, రేపు విప్పాలంటే పింగాణీ కూడా పగులుతుంది. పైపు చివర తిన్నగా కోసి, అంచు నున్నగా గీకి, సబ్బు నీళ్లు రాసి ఎక్కిస్తే అదే జారుకుంటూ వెళ్తుంది. ఆయిలూ గ్రీజూ రాయనివ్వకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఇవన్నీ చేసేముందు కమోడ్ మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూడండి, ఊగితే ఏ కనెక్టరూ నిలవదు.

మీ ప్లంబర్‌కి ఆఫ్‌సెట్ పెట్టమని చెప్పి, నీళ్ల టెస్ట్ అయ్యేదాకా డబ్బులు ఇవ్వకండి. చివర్లో కమోడ్ అడుగు చుట్టూ సిలికాన్ కొట్టేటప్పుడు వెనకవైపు కాస్త ఖాళీ వదలమనండి, ఎప్పుడైనా కారితే అక్కడి నుంచి బయటికి కనిపిస్తుంది. చుట్టూ మూసేస్తే కింద పోర్షన్ వాళ్లు పైకొచ్చి తిట్టేదాకా మీకు తెలీదు.