పోకర్‌లో వచ్చిన గెలుపును నమ్ముకొని ఉద్యోగం మానవచ్చునా?

ప్రశ్న: నా వయసు 31. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో ఉంటాను. బొగ్గు గనిలో కాంట్రాక్టు పద్ధతిపై యంత్రం నడుపుతాను. నెలకు రూ.42,000 చేతికి వస్తుంది. ఇంటి అప్పు వాయిదాతో కలిపి ఖర్చు రూ.40,000. భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. ఒక యాప్‌లో రూ.50-100 బ్లైండ్ల (ప్రతి ఆట మొదట్లో ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు) ఆన్‌లైన్ పోకర్ టేబుళ్లలో 60,000 హ్యాండ్లు (ముక్కలు పంచి ఆడే ఒక్కో ఆట) ఆడి, రేక్ (యాప్ కోసుకునే కమీషన్) పోగా రూ.2,40,000 గెలిచాను. 2025 ఆగస్టులో ఆ యాప్ డబ్బు ఆటలను ఆపేసింది. ఇప్పుడు ఒక విదేశీ సైటులో పూర్తికాలం ఆడాలనుకుంటున్నాను. చేతిలో రూ.3 లక్షలున్నాయి. ఇవి చాలునా, లేక నా భార్య బంగారం తాకట్టు పెట్టి మరో రెండు లక్షలు కలపాలా?

జవాబు: ఉద్యోగం మానవద్దు, బంగారం తాకట్టు పెట్టవద్దు. మీరు ప్రతి హ్యాండ్‌కూ లెక్క రాసుకున్న మనిషి కాబట్టి, ఈ మాట ఎందుకు అంటున్నానో కూడా లెక్కతోనే చెబుతాను.

రెండు బ్లైండ్లలో పెద్దదైన రూ.100ను బిగ్ బ్లైండ్ అంటారు. ఆ లెక్కన మీ గెలుపు 2,400 బిగ్ బ్లైండ్లు, అంటే వంద హ్యాండ్లకు 4 చొప్పున పడింది. నిలబడితే ఇది మంచి రేటే. అయితే ఆరుగురు కూర్చునే నో-లిమిట్ హోల్డెమ్ (పందేనికి పరిమితి లేని పోకర్) టేబుళ్లలో వంద హ్యాండ్లకు ప్రామాణిక విచలనం (ఫలితం సగటు నుంచి ఎంత చెదురుతుందో చెప్పే కొలత) సాధారణంగా 80 నుంచి 100 బిగ్ బ్లైండ్ల దాకా ఉంటుంది. దానిని 90గా తీసుకుంటే, 60,000 హ్యాండ్ల మీద కేవలం అదృష్టం వల్లనే ఫలితం అటూ ఇటూ దాదాపు 2,200 బిగ్ బ్లైండ్లు, అంటే రూ.2,20,000 కదలడం మామూలు విషయం. మీ మొత్తం గెలుపు దానికంటే కొద్దిగానే ఎక్కువ. గెలుపూ ఓటమీ సరిసమానమైన ఆటగాళ్లు వందమంది ఇన్ని హ్యాండ్లు ఆడితే, వారిలో సుమారు 14 మందికి మీకు వచ్చినంతో, అంతకన్నా ఎక్కువో వస్తుంది. మీ నిజమైన రేటు వందకు మూడు నష్టం నుంచి పదకొండు లాభం దాకా ఎక్కడైనా ఉండవచ్చునని మాత్రమే మీ రికార్డు చెబుతోంది. ఈ అనిశ్చితి అటూ ఇటూ ఒక్క బిగ్ బ్లైండ్‌కు తగ్గాలంటే 31 లక్షలకు పైగా హ్యాండ్లు ఆడాలి. గంటకు 250 హ్యాండ్ల చొప్పున అది 12,400 గంటలకు పైబడిన పని. అంతకాలం టేబుళ్లూ, ఎదుటి ఆటగాళ్లూ ఇలాగే ఉండరు.

ఇక మీరు అడిగిన పెట్టుబడి సంగతి. మీ రేటు నిజంగా 4 అనే అనుకుందాం. పూర్తికాలం ఆడితే నెలకు 30,000 హ్యాండ్లు అవుతాయి. సగటున రూ.1,20,000 రావాలి, కానీ విచలనం రూ.1,56,000 దాకా ఉంటుంది. కనుక నాలుగైదు నెలలకు ఒక నెల నష్టంతోనే ముగుస్తుంది. రూ.3 లక్షలలో పైసా తీయకుండా ఆడితే మొత్తం పోగొట్టుకునే అవకాశం సుమారు 5 శాతం. ఇక్కడిదాకా చూసి చాలామంది ధైర్యం తెచ్చుకుంటారు. అయితే మీ ఇల్లు ఆ డబ్బుతోనే నడవాలి. నెలకు తీసే రూ.40,000 అంటే వంద హ్యాండ్లకు 1.33 బిగ్ బ్లైండ్లు రేటులోంచి పోతాయి. దాంతో అంతా పోయే అవకాశం 14 శాతానికి చేరుతుంది. ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 2023 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు ఉన్నాయి. ఒక ఏడాది పోయిన సొమ్మును మరుసటి ఏడాది గెలుపులోంచి తీసివేయడానికి వీల్లేదు. పన్ను పోగా మీ 4 కాస్తా సుమారు 2.75 అవుతుంది, ఇంటి ఖర్చు పోగా 1.4 మిగులుతుంది. అప్పుడు రూ.3 లక్షలూ హరించుకుపోయే అవకాశం ముగ్గురిలో ఒకరికన్నా ఎక్కువ.

బంగారం మీద రెండు లక్షలు తెస్తే అది 17 శాతానికి తగ్గినట్టు కనిపిస్తుంది. అందులో తాకట్టు వడ్డీని ఇంకా కలపలేదు. దీనికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మీ నిజమైన రేటు 4 కాక 2 కంటే తక్కువైతే, పన్నూ ఇంటి ఖర్చూ పోగా మిగిలేది ఏమీ ఉండదు కాబట్టి, మూడు లక్షలు పెట్టినా ముప్పై లక్షలు పెట్టినా అవి ఎప్పుడు అయిపోతాయన్నదే తేడా. మీ రికార్డు 2కూ 4కూ మధ్య తేడాను చెప్పలేదు. రాజురా, కోర్పనా వైపు వర్షాధార పత్తి రైతుకు సైతం పదేళ్లలో ఎన్నేళ్లు దెబ్బతింటాయో పెద్దల అనుభవం చెబుతుంది. మీ దగ్గర అటువంటి అనుభవం కూడా లేదు.

ఇదంతా ఆట న్యాయంగా సాగుతుందన్న ఊహ మీద వేసిన లెక్క. ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించే చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అంతకుముందు తెలంగాణ 2017 నుంచే నిషేధించినందున, వార్ధా నది దాటి కాగజ్‌నగర్ వెళితే తెరుచుకోని యాప్ బల్లార్‌పూర్‌లో తెరుచుకునేది. ఇప్పుడు ఆ తేడా లేదు. ఈ చట్టం విదేశాల నుంచి నడిచే సైట్లకూ వర్తిస్తుంది, వాటికి చెల్లింపులు జరపడం బ్యాంకులకూ నిషిద్ధం. శిక్షలు ఆటగాడికి కాక, నడిపేవారికీ ప్రకటనలిచ్చేవారికీ ఉద్దేశించినవే. అయినా ఆ సైటు మీ గెలుపును ఇవ్వకపోతే మీరు ఎవరికి ఫిర్యాదు చేస్తారు? బ్యాంకు డిపాజిట్‌కు రూ.5 లక్షల దాకా బీమా ఉంటుంది. సైటులో ఉన్న సొమ్ముకు ఏదీ లేదు. అక్కడ ఇద్దరు కూడబలుక్కుని ఆడినా, మనిషి స్థానంలో ప్రోగ్రామ్ ఆడినా కనిపెట్టే బాధ్యత మన దేశంలో ఎవరి మీదా ఉండదు. ఈ ఒక్క కారణం చాలు, నేను మీకు ఆ దారి సూచించకపోవడానికి.

ఆ రూ.3 లక్షలు ఉంచవలసిన చోటు వేరు. మీది కాంట్రాక్టు ఉద్యోగం, నెలకు మిగిలేది రెండు వేలే. కనుక ఆరు నెలల ఖర్చు, అంటే రూ.2,40,000, ఎప్పుడైనా తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో, మీ భార్యతో కలిపి ఉమ్మడి ఖాతాలో ఉంచండి. మిగిలిన రూ.60,000లోంచి మీ పేర టర్మ్ పాలసీ, ముగ్గురికీ ఆరోగ్య బీమా తీసుకోండి. భవిష్యనిధి మినహాయింపు మీ పేర జమ అవుతోందో లేదో ఈ నెలలోనే పే స్లిప్‌తో సరిచూసుకోండి. కాంట్రాక్టు పనిలో ఈ జమ తప్పిపోతే ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకపోవచ్చు.

వీటన్నిటికన్నా ముందు మరో పని ఉంది. గెలిచిన రూ.2,40,000 మీద సెస్సుతో కలిపి రూ.74,880 పన్ను అవుతుంది. యాప్ ఎంత కోసిందో 26ఏఎస్‌లో (మీ పేర కోసిన పన్ను వివరాలుండే ఆదాయపన్ను శాఖ పత్రం) చూడండి. ఆ గెలుపును రిటర్నులో చూపకపోతే అప్‌డేటెడ్ రిటర్ను (చూపని ఆదాయాన్ని తర్వాత చేర్చి వేసే రిటర్ను) దాఖలు చేసి బాకీ కట్టండి. పైన చెప్పిన డిపాజిట్ ఈ బాకీ తీరాక మిగిలిన దానితో మొదలుపెట్టండి.