పెయింట్ బకెట్లు గడ్డకట్టాయి, డిస్ట్రిబ్యూటర్ వాపస్ లేదంటున్నాడు. ఏం చెయ్యాలి?

ప్రశ్న: తణుకు దగ్గర మాకు పెయింట్లు, హార్డ్‌వేర్ షాపు ఉందండి. మూడు వారాల కింద డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఒక చిన్న కంపెనీవి 20 లీటర్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ బకెట్లు 60 తీసుకున్నాం, ఒక్కోటి 2,800. 80,000 కట్టాం, 88,000 బాకీ. 22 అమ్మితే 9 వెనక్కొచ్చాయి, మూత తీస్తే పెరుగు తోడుకున్నట్టు గడ్డకట్టి ఉంది. ఫోన్ చేసి అడిగితే గోడౌన్ దాటాక మాకు సంబంధం లేదు, బిల్లు మీద కూడా వాపస్ లేదని రాసుంది అంటున్నారు. మా ఖాళీ చెక్కు ఒకటి వాళ్ల దగ్గరుంది, బ్యాంకులో వేస్తామంటున్నారు. పైగా ఇంకో కంపెనీ టింటింగ్ మెషీన్ (రంగులు కలిపే మెషీన్) పెట్టినా, వాళ్లు చెప్పిన రేటుకన్నా తగ్గించి అమ్మినా సరుకు ఆపేస్తామని మెసేజ్‌లు పెడుతున్నారు. కన్స్యూమర్ కోర్టుకి వెళ్లొచ్చా? మా ఊళ్లో పెయింట్ షాపులవాళ్లం అందరం కలిసి ఒకే రేటు పెట్టుకుందాం అనుకుంటున్నాం, అదేమైనా ఇబ్బందా?

జవాబు: ముందు ఒక పని చెయ్యండి, మిగిలిన 38 బకెట్లు అమ్మడం ఇవాళే ఆపేసి పక్కన పెట్టండి. మూతల మీద బ్యాచ్ నంబర్లు కనపడేలా ఫోటోలు తీసుకోండి, వెనక్కొచ్చిన 9 బకెట్లవి కూడా. ఎందుకంటే ఈ గొడవ చివరికి ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తుంది, పెయింట్ ఫ్యాక్టరీలోనే పాడైందా, లారీలో ఎండకి పాడైందా, మీ షాపులో పాడైందా అని. తొమ్మిదీ ఒకే బ్యాచ్ అయితే మీ వైపు సగం బలం వచ్చినట్టే.

కన్స్యూమర్ కోర్టు మీకు కుదరదండీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మళ్లీ అమ్ముకోడానికి కొన్నవాళ్లు వినియోగదారు కిందికి రారు. మీ కస్టమర్లు మాత్రం వస్తారు, వాళ్లు మీ మీదే కేసు వెయ్యొచ్చు, కాబట్టి ఆ తొమ్మిది మందికి వెంటనే బకెట్ మార్చివ్వండి లేదా డబ్బు వెనక్కివ్వండి, ఇచ్చినట్టు ఒక చీటీ రాయించుకోండి. ఆ చీటీలే రేపు మీకు సాక్ష్యం కూడా.

మీకు వర్తించేది 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం. కొనేటప్పుడు కొన్నవాడే చూసుకోవాలి అన్నది పాత సూత్రం, నిజమే, కానీ సెక్షన్ 16లో దానికి మినహాయింపులున్నాయి. ఫలానా రకం సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాడి దగ్గర, ఆ రకం అని చెప్పి కొంటే, అది అమ్మకానికి పనికొచ్చే సరుకు అయ్యుండాలి, బిల్లులో రాయకపోయినా సరే. తయారుచేసింది ఆయన కాకపోయినా ఇది వర్తిస్తుంది, కాబట్టి వెళ్లి కంపెనీని అడుక్కోండి అని ఆయన చేతులు దులుపుకోడానికి లేదు. మీరు చూసి తీసుకున్నారుగా అంటారేమో, సీలు వేసిన బకెట్లో గడ్డ పైనుంచి చూస్తే ఎవరికి కనపడుతుందండీ? చూసినా బయటపడని లోపానికి ఆ సాకు పనికిరాదు. గోడౌన్ దాటాక అన్న మాట కూడా అంతే, సరుకు మీదయ్యాక దారిలో జరిగిన నష్టం మామూలుగా మీదే, కానీ ముందే చెడిపోయున్న సరుకుని లారీ ఎక్కించి ఆ మాట చెప్తే కుదరదు.

బిల్లు మీద అచ్చువేసిన "వాపస్ లేదు" గురించి భయపడకండి. బేరం అయిపోయాక చేతికొచ్చిన కాగితం మీద ఒక లైన్ ఉన్నంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు పోదు. కాకపోతే డీలర్‌షిప్ తీసుకున్నప్పుడు మీరు సంతకం పెట్టిన ఫారంలో అలాంటి షరతు ఉందేమో తీసి చూడండి, సెక్షన్ 62 ప్రకారం ఇద్దరూ ఒప్పుకుని ఈ హక్కుల్ని మార్చుకోవచ్చు, అక్కడ మాత్రం ఇబ్బంది వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మీరు 22 బకెట్లు అమ్మేశారు. అమ్మడం అంటే సరుకుని ఒప్పుకున్నట్టు లెక్క, ఒకే ఆర్డర్ కింద వచ్చిన సరుకులో కొంత ఒప్పుకున్నాక మిగతాది తిప్పి పంపే హక్కు పోతుంది అని అవతలి లాయరు కచ్చితంగా వాదిస్తారు, ఆ వాదనకి సెక్షన్ 13లో ఆధారం ఉంది. అయినా మీరు ఓడిపోయినట్టు కాదు. సరుకు తిప్పి పంపలేకపోయినా సెక్షన్ 59 కింద ధర తగ్గించమని అడగొచ్చు, ఇంకా నష్టం ఉంటే దానికీ దావా వెయ్యొచ్చు. లెక్క వేసుకోండి, చెడిన 9, మిగిలిన 38 కలిపి 47 బకెట్లు, 1,31,600. అందులో మీ బాకీ 88,000 పోతే ఆయనే మీకు 43,600 ఇవ్వాలి. కానీ ఆ 38 కూడా చెడిపోయాయని మీరు నిరూపించాలి, అందుకని డిస్ట్రిబ్యూటర్ మనిషిని పిలిచి అతని ఎదురుగా నాలుగైదు తెరవండి, వీడియో తియ్యండి, అన్నీ మాత్రం తెరవొద్దు.

ఇదంతా ఫోన్లో చెప్పారని రాశారు, అక్కడే చాలామంది దెబ్బతింటారండీ. సరుకు వద్దని చెప్పకుండా తగినంత కాలం దగ్గర ఉంచుకుంటే ఒప్పుకున్నట్టే అంటుంది చట్టం, ఆ కాలం ఎన్ని రోజులో అందులో రాసిలేదు. అందుకే ఈ వారంలోనే స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి, వాట్సాప్‌లో కూడా పెట్టండి. 38 బకెట్లు తిరస్కరిస్తున్నాం వచ్చి తీసుకెళ్లండి, అది కుదరదంటే ధర తగ్గించండి అని రెండూ రాయండి. తిరస్కరించడం చెల్లితే మీరు లారీ పెట్టి పంపక్కర్లేదు, వద్దని తెలియజేస్తే చాలు. ఆయన దిగొస్తే జీఎస్టీ క్రెడిట్ నోట్ అడిగి తీసుకోండి.

చెక్కు సంగతి. చెక్కు వేసే రోజుకి చట్టప్రకారం రావాల్సిన బాకీ ఉంటేనే సెక్షన్ 138 కేసు, అంటే చెక్కు బౌన్స్ కేసు, నిలుస్తుంది, మీ నోటీసు ముందే వెళ్లుంటే బాకీయే వివాదంలో ఉందని చెప్పుకోడానికి బలం ఉంటుంది. బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టేస్తే కేసు ఉండదు అని ఎవరో చెప్పుంటారు, అది తప్పు, అలా ఆపినా కేసు వెయ్యొచ్చు. చెక్కు తిరిగొచ్చాక వాళ్ల నోటీసు మీకు అందితే 15 రోజుల్లోపు జవాబు పంపండి, కవరు తీసుకోకుండా తిప్పి పంపొద్దు. కోర్టుకి ముందు లీగల్ సర్వీసెస్ కమిటీలో అర్జీ పెడితే లోక్ అదాలత్‌కి పిలుస్తారు, ఫీజు ఉండదు, ఈ మొత్తానికి నా సలహా అదే.

ఇక ఇంకో కంపెనీ మెషీన్ పెట్టొద్దు, రేటు తగ్గించొద్దు అన్న మాటలు. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని, తగ్గించి అమ్మడం మీ ఇష్టం. 2002 కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3(4)లో ఈ రెండు రకాల షరతులూ ఉన్నాయి. డీలర్లు ఇచ్చే డిస్కౌంట్లకి అడ్డం పడిందని 2021లో మారుతి సుజుకికి సీసీఐ (ఈ చట్టాన్ని అమలుచేసే కాంపిటీషన్ కమిషన్) 200 కోట్ల జరిమానా వేసింది, కంపెనీ అప్పీలుకి వెళ్లింది. మీ పెయింట్ల లైన్లోనే, డీలర్లని కట్టడి చేస్తున్నారని గ్రాసిమ్ (బిర్లా ఓపస్ పెయింట్ల కంపెనీ) ఇచ్చిన ఫిర్యాదు మీద 2025 జులైలో ఏషియన్ పెయింట్స్‌పై దర్యాప్తుకి ఆర్డరిచ్చింది, దర్యాప్తు అంటే తప్పు తేలినట్టు కాదు, అంతకుముందు జేఎస్‌డబ్ల్యూ పెయింట్స్ ఇచ్చిన అలాంటి ఫిర్యాదుని 2022లో మూసేసింది కూడా. మీ కంపెనీ ఇవేవీ కాదు, చాలా చిన్నది. ఈ షరతులు పెట్టగానే తప్పైపోదు, వాటివల్ల మార్కెట్లో పోటీకి చెప్పుకోదగ్గ దెబ్బ తగిలిందని తేలాలి, అంత చిన్న కంపెనీ మీద అది తేలడం కష్టం, ఉన్నమాట చెప్తున్నాను. అయినా ఆ బెదిరింపుల మెసేజ్‌లు దాచుకోండి, ఫిర్యాదుకి మూడేళ్ల గడువుంది. ఇంకో మెషీన్ పెట్టే ముందు వాళ్ల మెషీన్ అగ్రిమెంట్ ఒకసారి చదవండి.

మీ ఆఖరి ప్రశ్నకి జవాబు, వద్దు, అసలు వద్దు. కంపెనీ మీకు పెట్టిన షరతుని పోటీ దెబ్బతిందో లేదో చూసి తేలుస్తారు, కానీ పోటీ పడాల్సిన షాపులు కలిసి రేటు కట్టుకుంటే సెక్షన్ 3(3) కింద పోటీ దెబ్బతిన్నట్టే ముందుగా అనుకుంటుంది చట్టం, కాదని మీరే నిరూపించుకోవాలి. అలాంటి కుమ్మక్కుకి అది నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్లు గానీ టర్నోవర్‌లో 10 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంతదాకా జరిమానా వెయ్యొచ్చు. మందుల షాపుల సంఘాలకి సీసీఐ జరిమానాలు వేసింది కాబట్టి చిన్నవాళ్లం మమ్మల్నెవరు పట్టించుకుంటారు అనుకోవద్దు. ఆ బ్యాచ్ మిగతా షాపుల్లో కూడా చెడిపోయిందేమో కనుక్కోండి, అందరూ కలిసి కంపెనీకి ఒకే ఉత్తరం రాయండి, అందులో తప్పేం లేదు. రేట్ల గురించి గ్రూపులో ఎవరైనా మెసేజ్ పెట్టుంటే ఒప్పుకోవట్లేదని ఇవాళే జవాబు పెట్టండి.