తుపాకీ కొనబోతున్న స్వాతికి

చి.ల.సౌ. స్వాతికి పిన్ని ఆశీస్సులు.

నువ్వు ఫోన్ చేసి "పిన్నీ, పర్సులో పట్టేంత చిన్న తుపాకీ ఏది మంచిది?" అని అడిగినప్పుడు బాబాయ్ పక్కనుంచి ఏదో ఒక బ్రాండ్ పేరు చెప్పేశారు. ఆయనకు అన్నీ ఒక్క మాటలో తేల్చేయడం అలవాటు. ఇన్నేళ్ళు ఈస్ట్ టెక్సాస్‌లో మోటెల్ నడుపుతూ రాత్రిపూట డెస్క్ దగ్గర కూర్చున్నది ఎక్కువగా నేనే కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను. నీ ప్రశ్నలో "పర్సు" అనే మాట, "చిన్న" అనే మాట రెండూ నాకు నచ్చలేదు. ఎందుకో చెబుతాను.

దానికంటే ముందు చట్టం సంగతి. నీకు, మీ ఆయనకు గ్రీన్‌కార్డ్ వచ్చింది కాబట్టి మీరు కొనవచ్చు. షాపులో ఫారం 4473 నింపాలి, అందులో కార్డు మీది యూఎస్‌సీఐఎస్ నంబర్ రాయాలి, వాళ్ళు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. కానీ మీ ఇంట్లో ఉండి చదువుకుంటున్న మీ మరిది ఎఫ్-1 మీద ఉన్నాడు. ఎఫ్-1, హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటమే ఫెడరల్ నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఇంకేం లేవు. షూటింగ్ రేంజ్‌కు (కాల్చడం ప్రాక్టీస్ చేసే చోటికి) తీసుకెళ్ళి సరదాగా ఒకసారి కాల్చనిద్దాం అనుకోవద్దు, అదీ ఇందులోకే వస్తుంది. 2022లో చట్టం మార్చి గరిష్ఠ శిక్షను పదిహేనేళ్ళకు పెంచారు. వీసా పోవడం అదనం. అందుకని తుపాకీ పెట్టే సేఫ్ కోడ్ ఆ అబ్బాయికి తెలియకూడదు. తాళం చెవి అతనికి అందే చోట ఉండకూడదు. అతని కోసం నీ పేరు మీద కొనడం స్ట్రా పర్చేజ్ అవుతుంది, అది విడిగా ఇంకో పెద్ద నేరం. మనవాళ్ళు చాలామంది "వాడు మన ఇంటివాడేగా" అని ఇక్కడే జారిపోతారు. మొహమాటపడకుండా అతన్ని కూర్చోబెట్టి చెప్పు.

ఇక లైసెన్స్. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి ఇరవై ఒకటి దాటినవాళ్ళు అర్హత ఉంటే లైసెన్స్ లేకుండానే తుపాకీ మోయవచ్చు. అయినా నువ్వు లైసెన్స్ తీసుకోవాలనే నా మాట. ఫీజు నలభై డాలర్లు, నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, యాభై తూటాల పరీక్ష. మూడు, ఏడు, పదిహేను గజాల నుంచి కాల్పిస్తారు, డెబ్భై శాతం వస్తే పాస్. ఇవన్నీ ఎందుకంటే, రోజూ పిల్లాణ్ణి స్కూల్లో దింపేది నువ్వే. స్కూలుకు వెయ్యి అడుగుల లోపు తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది, స్కూలున్న రాష్ట్రం లైసెన్స్ ఇచ్చినవాళ్ళకు అందులో మినహాయింపు ఉంది. లైసెన్స్ ఉంటే ఒక్లహోమా, లూసియానాల్లో కూడా చెల్లుతుంది. ఫ్రీమాంట్‌లో మీ అక్క దగ్గరికో, ఎడిసన్‌లో మీ ఆడపడుచు దగ్గరికో వెళ్ళేటప్పుడు మాత్రం దాన్ని ఇంట్లోనే పెట్టి వెళ్ళు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ మన టెక్సాస్ లైసెన్స్‌ను గుర్తించవు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

గన్ షాపులోకి ఆడమనిషి వెళ్ళగానే కౌంటర్ వెనకాల ఉన్నాయన ఒక చిన్న రివాల్వర్ తీసి చేతిలో పెడతాడు. చాలాసార్లు అది స్మిత్ అండ్ వెసన్ 642, లేకపోతే రూగర్ ఎల్‌సీఆర్. రెండూ మంచివే. ఒక్కోటి నాలుగు వందల గ్రాముల లోపో, కాస్త అటూ ఇటుగానో ఉంటుంది. ఐదు తూటాలు, పాయింట్ 38 స్పెషల్. పిస్టల్‌కు లాగా పైభాగాన్ని (స్లైడ్) వెనక్కి లాగి తూటా ఎక్కించే పని లేదు, సేఫ్టీ మీట లేదు, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. "ఆడవాళ్ళకు ఇది సులువు" అంటాడు. పట్టుకోవడం సులువే, కాల్చడమే కష్టం. ఆ ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, చాలా దూరం వెనక్కి లాగాలి. లాగే లోపు చెయ్యి కదిలిపోతుంది, గురి తప్పుతుంది. తుపాకీ తేలిక కాబట్టి పేలినప్పటి తన్ను అంతా అరచేతికే తగులుతుంది. బ్యారెల్ రెండు అంగుళాలు కూడా లేదు. గురి చూసే సైట్ల మధ్య దూరం తక్కువ కావడంతో గురిలో వచ్చే చిన్న తేడా నీ కంటికి కనబడదు, టార్గెట్ అట్ట మీద మాత్రం కనబడుతుంది. చిన్న రివాల్వర్ అనుభవం ఉన్నవాళ్ళ ఆయుధం. మొదటి తుపాకీగా దాన్ని కొన్నవాళ్ళు రేంజ్‌లో ఒక డబ్బా కాల్చి, చెయ్యి నొప్పి పుట్టి, మళ్ళీ అటు వెళ్ళరు. ప్రాక్టీస్ లేని తుపాకీ బీరువాలో ఉన్నా పర్సులో ఉన్నా ఒకటే.

ఇంకో ఆకర్షణ జేబు పిస్టళ్ళు. రూగర్ ఎల్‌సీపీ మ్యాక్స్ మూడు వందల గ్రాములే, పాయింట్ 380 తూటాలు పదీ ఒకటీ (తూటాల పెట్టె అంటే మ్యాగజైన్‌లో పది, పేలడానికి సిద్ధంగా ఛాంబర్‌లో ఒకటి) పడతాయి. అరచేతిలో మాయమైపోతుంది. 380 అంటే 9 ఎంఎం కంటే బలం తక్కువ, కాబట్టి తన్ను కూడా తక్కువ అనుకుంటాం. కానీ అంత తేలిక తుపాకీలో ఆ చిన్న తూటా కూడా చేతిని బాగానే కొడుతుంది. చిటికెన వేలు పట్టు దొరక్క గాల్లో ఉంటుంది. పట్టు సరిగ్గా లేకపోతే పిస్టల్ తర్వాతి తూటాను సరిగా ఎక్కించుకోక ఇరుక్కుంటుంది కూడా.

అందుకే నీకు నేను చెప్పేది మధ్య రకం. 2018లో సిగ్ సావర్ కంపెనీవాళ్ళు పీ365 తెచ్చాక ఈ రకం పిస్టళ్ళ తీరే మారిపోయింది. అంతకుముందు ఇంత సన్న పిస్టల్ అంటే ఆరేడు తూటాలే. 2015 నాటి గ్లాక్ 43లో ఆరూ ఒకటీ పట్టేవి. పీ365లో అదే లావులో పదీ ఒకటీ పట్టించారు, 9 ఎంఎం, బరువు అర కిలో. దాని వెనకే స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, గ్లాక్ 43ఎక్స్, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్ వచ్చాయి. వీటిలో ఏది గొప్ప అని వాదించుకునేవాళ్ళను వాదించుకోనీ. నాలుగూ నమ్మకమైనవే. నీ చేతికి ఏది కుదురుతుందన్నదే చూడు. నా లెక్కలో 43ఎక్స్ గ్రిప్ పొడవు, పట్టు బాగుంటుంది, దాచడం కొంచెం కష్టం. పీ365 దీనికి సరిగ్గా వ్యతిరేకం.

నీ చేతులు చిన్నవి, మణికట్టులో బలం తక్కువ. స్లైడ్ లాగలేనేమోనని టెన్షన్ పడుతున్నావు కదా. సగం బలం సంగతి, సగం పద్ధతి సంగతి. వేళ్ళ కొసలతో చిటికెడు పట్టి లాగితే మగవాళ్ళకూ రాదు. ఎడమ అరచేతిని స్లైడ్ మీదుగా కప్పి గట్టిగా పట్టుకో, ఒంటికి దగ్గరగా ఉంచు, కుడి చేత్తో తుపాకీని ముందుకు నెట్టు. మూతి ఎప్పుడూ ఎదురుగా టార్గెట్ వైపే ఉండాలి. అలా కూడా రాకపోతే స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ షీల్డ్ ఈజీ అని ఉంది, దాని స్లైడ్ వేళ్ళు నొప్పులున్న నాలాంటివాళ్ళు కూడా లాగగలరు. ఇప్పుడు నా దగ్గర ఉన్నది అదే, 380ది. కొంచెం పెద్దది, కుర్తీ వదులుగా ఉండాలి. ఏం పర్వాలేదు.

ఏదైనా సరే, కాల్చి చూడకుండా కొనకు. చెప్పుల జత కూడా వేసుకుని నాలుగడుగులు నడిచి చూసి కొంటాం. హ్యూస్టన్ చుట్టుపక్కల చాలా రేంజ్‌లలో పిస్టళ్ళు అద్దెకిస్తారు. ఒకే రోజు మూడు రకాలు తీసుకో, ఒక్కోదానితో ఏడు గజాల నుంచి నెమ్మదిగా కాల్చు. ఏ తుపాకీతో అట్ట మీద చిల్లులు దగ్గర దగ్గరగా పడ్డాయో చూడు. చివరి పది తూటాలప్పుడు చెయ్యి వణుకుతోందా, కళ్ళు మూసుకుపోతున్నాయా, అది కూడా చూడు. షాపులో ముద్దుగా అనిపించింది రేంజ్‌లో పగబట్టినట్టు ఉంటుంది. మీ ఆయన చేతికి నచ్చింది నీకు నచ్చక్కర్లేదు. ఇద్దరికీ కలిపి ఒకటి కొందామనే పొదుపు ఆలోచన మాత్రం వద్దు.

తూటాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ప్రాక్టీస్‌కు మామూలు ఎఫ్ఎంజే (లోహపు తొడుగున్న తూటాలు), డబ్బాలో యాభై వస్తాయి. మోసేటప్పుడు హాలో పాయింట్, అంటే కొన బోలుగా ఉన్న తూటా. అది ఒంట్లో విచ్చుకుని ఆగే అవకాశం ఎక్కువ, ఇటు నుంచి అటు దూసుకుపోయి వెనకున్న ఇంకొకరికి తగిలే ప్రమాదం తక్కువ. నీ కొట్టులో వెనకాల ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఆ తూటాలు ఖరీదు ఎక్కువే, అయినా నీ పిస్టల్‌లో ఇరుక్కోకుండా వెళ్తున్నాయో లేదో ఒకటి రెండు వందలు కాల్చి చూసుకున్నాకే నమ్ము.

ఇక పర్సు. 2014 డిసెంబర్‌లో ఐడహోలో ఒక వాల్‌మార్ట్‌లో రెండేళ్ళ పిల్లాడు షాపింగ్ కార్ట్‌లో కూర్చుని తల్లి పర్సులో చెయ్యి పెట్టి తుపాకీ పేల్చాడు. తల్లి అక్కడే చనిపోయింది. ఆ పర్సు తుపాకీ పెట్టుకోవడానికని విడిగా కుట్టించిన రకమే. మన వంశీకి నాలుగేళ్ళు, నీ పర్సులో చాక్లెట్ల కోసం వెతకడం నేను కళ్ళారా చూశాను. పిల్లాడి సంగతి పక్కన పెట్టినా, దొంగ ముందు లాక్కునేది పర్సునే. తుపాకీ ఒంటి మీదే ఉండాలి.

ఒంటి మీద అంటే మన బట్టలతో తిప్పలే. చీర మీద దారి లేదు, ఆ రోజు మోయకు, అంతే. లెగ్గింగ్స్ మీద నడుముకు చుట్టుకునే బెల్లీ బ్యాండ్ ఉంటుంది, అందులో గట్టి ప్లాస్టిక్ కవచం ఉన్న రకమే తీసుకో. ఉత్త గుడ్డ సంచీ లాంటిది వద్దు. జీన్స్ వేసుకుంటే గట్టి బెల్ట్, నడుము లోపల పెట్టుకునే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్, అంటే తుపాకీ ఒర, అన్నిటికన్నా మంచిది. ఏ హోల్‌స్టర్ అయినా ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి, తుపాకీ పెట్టి తీసేటప్పుడు ఆ హోల్‌స్టర్ మూతి ముడుచుకోకూడదు. పీ365 లాంటి వాటిలో చేత్తో వేసే సేఫ్టీ మీట లేని రకాలే ఎక్కువ, కాబట్టి ఆ కవచమే నీ సేఫ్టీ. పొడుగు కుర్తీ దాచడానికి బాగుంటుంది, తీయడానికి బాగోదు. ఎడమ చేత్తో కుర్తీ పైదాకా ఎత్తి కుడి చేత్తో తీయడం ఖాళీ తుపాకీతో ఇంట్లో ప్రాక్టీస్ చేయి. ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు, మ్యాగజైన్ ఇంకో గదిలో పెట్టి రా, ఛాంబర్ కళ్ళతో చూసి వేలితో తడిమి చూడు. తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు తొందర వద్దు. చాలామంది కాళ్ళు కాల్చుకునేది అప్పుడే, కుర్తీ అంచు ట్రిగ్గర్‌లో ఇరుక్కుని.

పిస్టల్‌కు ఐదారు వందల డాలర్లు అనుకుంటే, హోల్‌స్టర్, బెల్ట్, తూటాలు, క్లాసు కలిపి ఇంకో అంత పెట్టుకో. అందులో సేఫ్ కూడా ఉండాలి. ఒంటి మీద లేనప్పుడు అది సేఫ్‌లోనే, దిండు కింద కాదు, పూజ అల్మరా పైన కాదు. పిల్లలకు అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో అదీ నేరమే. కారులో రాత్రంతా వదలకు.

ద్వారాల దగ్గర బోర్డులు చదవడం అలవాటు చేసుకో. 30.06 (అది చట్టంలో సెక్షన్ నంబర్) అని ఉంటే లైసెన్స్ ఉన్నా దాచి తీసుకెళ్ళకూడదు. ఎర్రగా 51 శాతం అని ఉన్న బార్‌లు, కోర్టులు, పోలింగ్ బూత్‌లు, ఆస్పత్రులు కుదరవు. గుడి విషయంలో 2019 నుంచి చట్టం సడలింది, అయినా కమిటీవాళ్ళు బోర్డు పెట్టారేమో చూడు. పార్టీలో ఒక గ్లాసు వైన్ తాగే ఉద్దేశం ఉన్న రోజు తుపాకీ ఇంట్లోనే. పోలీసు కారు ఆపితే చేతులు స్టీరింగ్ మీద పెట్టి, లైసెన్స్ ఇస్తూ విషయం నెమ్మదిగా చెప్పు, దాని వైపు చెయ్యి పోనివ్వకు.

గల్లాలో డబ్బు అడిగితే ఇచ్చేయి స్వాతీ. ఇన్సూరెన్స్ కడుతున్నది అందుకే. వాడు డబ్బు తీసుకుని పోతుంటే వెంటపడటానికి కాదు ఇదంతా. నిన్ను కారులోకి ఎక్కమన్నప్పుడు, వెనక గదిలోకి నడవమన్నప్పుడు వేరే దారి లేకపోతే అప్పటికి.

సంక్రాంతికి ఇండియా వెళ్తున్నారు కదా. రేంజ్‌కు వాడే బ్యాగ్‌ను ఆ ప్రయాణానికి తీయొద్దు, ఎంత బాగా దులిపినా సరే. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కు కనబడినా ఆర్మ్స్ చట్టం కింద కేసు పెడతారు. అలా చిక్కుకున్న ఎన్నారైల వార్తలు పేపర్లో అప్పుడప్పుడూ చూస్తూనే ఉన్నాం. రేంజ్ బ్యాగ్ రంగు వేరుగా కొను, నాది ఎర్రది. వచ్చే నెల నేను అటు వస్తాను, రేంజ్‌కు ఇద్దరం కలిసి వెళ్దాం. అంతవరకు కొనకు.

ఇట్లు
మీ పిన్ని