ఒక్క సెమిస్టర్ కోసం లీడ్స్ పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో నాలుగేళ్ల బీఏ ఎకనామిక్స్ చదువుతోంది. రెండో సంవత్సరం అయిపోవచ్చింది. సెప్టెంబరు నుంచి ఒక సెమిస్టర్ ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో చదివి రావడానికి ఎక్స్‌ఛేంజ్ కింద ఎంపికైంది. మావారేమో “నాలుగైదు నెలల కోసం అంత ఖర్చెందుకు? డిగ్రీ అయ్యాక ఎలాగూ పీజీకి వెళ్తుందిగా” అంటున్నారు. నాకు చలి, తిండి గురించి టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: పంపించండమ్మా. నేను ఎం.ఏ. చరిత్ర చదువుతూ మధ్యలో 2010 సెప్టెంబరులో ఏడాది పాటు షెఫీల్డ్ యూనివర్సిటీకి వెళ్లాను. లీడ్స్ నుంచి రైల్లో గంట ప్రయాణం. ఆ ఏడాది లేకపోతే ఇవాళ నేను పాఠం చెప్పే తీరు ఇలా ఉండేది కాదు.

ముందు మీవారి మాట. ఎక్స్‌ఛేంజ్ అంటే సాధారణంగా ఫీజు ఇక్కడి యూనివర్సిటీకే కడతారు, అక్కడ మళ్లీ కట్టక్కర్లేదు. “స్టడీ అబ్రాడ్” పేరుతో వెళ్తే మాత్రం అక్కడి ఫీజు పూర్తిగా మనదే. మీ అమ్మాయిది ఏదో కాగితం మీద చూడండి. ఎక్స్‌ఛేంజ్ అయితే మీకు పడేది విమానం, వీసా, హాస్టల్ గది, తిండి ఖర్చు.

ఆరు నెలలు దాటని చదువుకి విజిటర్ వీసా మీద వెళ్లవచ్చు. దాని మీద అక్కడ ఒక్క గంట కూడా ఉద్యోగం చేయకూడదు. ఇన్సూరెన్స్ ఇక్కడే తీసుకోవాలి. ఏడాదికి వెళ్లేవాళ్లకి స్టూడెంట్ వీసా, టీబీ పరీక్ష, ప్రభుత్వానికి ముందే కట్టే హెల్త్ సర్‌చార్జ్ ఉంటాయి. డిగ్రీ స్థాయి చదువైతే టర్మ్‌లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. ఏ వీసాకి దరఖాస్తు పెట్టాలో లీడ్స్ వాళ్లనే ఈమెయిల్‌లో అడిగి, ఆ జవాబు దాచుకోమనండి. రిటర్న్ టికెట్ డిసెంబరుకి కొనేయకండి. అక్కడ మొదటి సెమిస్టర్ పరీక్షలు జనవరిలో ఉంటాయి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది మార్కుల సంగతి. అక్కడ 40 వస్తే పాస్. 60 దాటితే మంచి మార్కు, 70 దాటితే ఫస్ట్ క్లాస్. మా చరిత్ర వ్యాసాల్లో 80 వచ్చినవాళ్లని నేను చూడలేదు. నాకు ఏడాది సగటు 64 వచ్చింది, మా ట్యూటర్లు మెచ్చుకున్నారు. తిరిగొచ్చాక మా డిపార్ట్‌మెంట్‌లో ఆ 64ని 64 శాతంగానే రిజిస్టర్‌లో ఎక్కించేశారు. క్లాసులో మొదటి స్థానంలో ఉన్నదాన్ని ఐదో స్థానానికి పడిపోయాను. రెండు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగాను. “ముందే రాయించుకోవాల్సిందమ్మా” అన్నారు. తర్వాత పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో “ఇంగ్లండ్ వెళ్లాక చదువు తగ్గించినట్టున్నావే” అని అడిగారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే విమానం ఎక్కకముందే మీ అమ్మాయి రెండు విషయాలు సంతకంతో తీసుకోవాలి. లీడ్స్ మార్కుని ఇక్కడ ఏ గ్రేడ్‌గా లెక్కిస్తారన్నది ఒకటి. అక్కడ చదివే ఏ సబ్జెక్టు ఇక్కడ దేనికి బదులన్నది రెండోది. బ్రిటన్‌లో సెమిస్టర్‌కి మామూలుగా 60 క్రెడిట్లు, అంటే చదువు భారాన్ని కొలిచే పాయింట్లు. ఇక్కడి లెక్క వేరు. ఆ అంకె చూసి ఇక్కడివాళ్లు తికమకపడతారు, కాబట్టి లెక్క కూడా అందులో రాయించాలి. అక్కడికి వెళ్లాక టైమ్‌టేబుల్ కుదరక సబ్జెక్టు మార్చుకోవాల్సి వస్తే, ఆ వారంలోనే ఇక్కడి కోఆర్డినేటర్‌కి రాసి అనుమతి తెచ్చుకోవాలి.

ఇంత తంటా ఎందుకంటారా? మా ఊరు చీరాల. మాంచెస్టర్ బట్ట వచ్చాక కోస్తాలో నేతపని ఏమైందన్నది షెఫీల్డ్‌లో నా మొదటి వ్యాసం. తొమ్మిది మంది చరిత్రకారుల మాటలు వరసగా పేర్చి ఇచ్చాను. 58 వచ్చింది. మార్జిన్‌లో పెన్సిల్‌తో “వీళ్లందరూ ఏమన్నారో తెలిసింది. మీరేమంటారు?” అని రాసి ఉంది. గదికెళ్లి ఏడ్చాను. అప్పటిదాకా నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. మా తాతగారికి గుంట మగ్గం ఉండేది. నూలు అప్పుకి తెచ్చి చీర నేసి ఆ చీరనే అప్పు కింద జమ కట్టించుకునే పద్ధతి ఆయన నాకు చిన్నప్పుడే చెప్పారు. రెండో వ్యాసం అక్కడ మొదలుపెట్టాను, ఆ చరిత్రకారుల్లో ఇద్దరితో విభేదించాను. 68 వచ్చింది. సెమినార్‌లో ఎనిమిది మందిమి బల్ల చుట్టూ కూర్చుంటే, ఆ రోజు మిగతా ఏడుగురూ నా మగ్గం గురించే అడిగారు. పీజీకి వెళ్లినా ఇది దొరుకుతుంది, కాదనను. కానీ ఇరవై ఏళ్లకే ఆ ప్రశ్న ఎదురైతే మీ అమ్మాయి ఇక్కడ మిగిలిన డిగ్రీని కూడా వేరేగా చదువుతుంది.

చలికి భయపడకండి. గదుల్లో హీటర్లుంటాయి. కోటు, బూట్లు అక్కడే కొనుక్కుంటే మేలు, ఇక్కడివి ఆ వానకి ఆగవు. 2010 డిసెంబరు మొదట్లో షెఫీల్డ్‌లో మంచు పడి బస్సులాగిపోతే క్లాసుకి నడిచే వెళ్లాం, ఏమీ కాలేదు. మనసుని కుంగదీసేది చీకటి. డిసెంబరులో అక్కడ నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. రోజూ మధ్యాహ్నం కాసేపు బయట నడవమనండి. బియ్యం, కందిపప్పు దొరుకుతాయి. కారం, పచ్చళ్లు మీరు కట్టివ్వండి. క్రిస్మస్ రోజున రైళ్లుండవు, బస్సులూ దాదాపు ఉండవు, దుకాణాలు మూసేస్తారు. హాస్టల్ కూడా ఖాళీ అవుతుంది. 24వ తేదీ మధ్యాహ్నానికే సరుకులు తెచ్చి పెట్టుకోవాలి. ఆ రెండు మూడు రోజులు మీరు ఎక్కువసేపు మాట్లాడండి.

అక్టోబరు ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పట్నుంచి మీకు రాత్రి తొమ్మిదిన్నర అయితే తనకి సాయంత్రం నాలుగు. ఫోన్‌కి ఆ వేళ బాగుంటుంది, అప్పుడే చీకటి పడుతుంది కదా.