రోమ్‌లో ఒక్క రోజే ఉంటే ఏ చారిత్రక కట్టడాలు చూడాలి?

ఒక్క రోజులో రోమ్ అంతా చూడాలనుకోవడం అత్యాశే కనుక, వాటికన్‌ను మరో ప్రయాణానికి వదిలి, ప్రాచీన నగర కేంద్రానికే పరిమితం కావడం మేలు. ఉదయమే కొలోసియంతో మొదలుపెట్టండి. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి ప్రారంభించిన ఈ క్రీడారంగపు దక్షిణ వెలుపలి గోడ 1349 నాటి భూకంపంలో చాలావరకు కూలిపోగా, ఆ రాళ్లను నగరంలోని ఇతర నిర్మాణాలకు తరలించుకుపోయారు. అది ఒకవైపు ఎత్తుగా, మరోవైపు తగ్గుగా కనిపించడానికి కారణం ఇదే. ప్రాచీన నగరపు ప్రధాన కూడలి అయిన రోమన్ ఫోరం, రాజభవనాల శిథిలాలున్న పాలటైన్ కొండ కూడా అదే టికెట్‌తో చూడవచ్చు. అయితే ఫోరంలో నీడ తక్కువ.

అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగే ప్రాచీన దేవాలయం పాంథియాన్‌కు మాత్రం తీరిగ్గా సమయం కేటాయించండి. నా దృష్టిలో రోమ్‌లో దానికి సాటి లేదు. ముఖమండపంపై, అక్కడ మొదటి ఆలయాన్ని కట్టించిన అగ్రిప్పా పేరు చెక్కి ఉన్నా, ఇప్పుడున్న కట్టడం హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు 125 నాటికి పూర్తయింది. 43 మీటర్లకు పైగా వ్యాసం గల దాని గుమ్మటంలో ఇనుప చువ్వలు లేవు. అడుగున బరువైన రాతిముక్కలు, పైకి పోయేకొద్దీ తేలికైన అగ్నిపర్వత శిల కలిపిన కాంక్రీటు వాడి, మందాన్ని కూడా క్రమంగా తగ్గించడం వల్ల అది తన బరువును తానే మోయగలుగుతోంది. గుమ్మటం నడిమి గుండ్రని రంధ్రం తెరిచే ఉంటుంది కనుక వాన లోపలే కురిసి, నేలలోని రంధ్రాల గుండా పోతుంది. చిత్రకారుడు రాఫేల్ సమాధి కూడా ఇక్కడే ఉంది. 2023 నుంచి ప్రవేశానికి రుసుము ఉంది.