డాక్టర్ సలహా: థైరాయిడ్ ఉన్నవాళ్లు సముద్రపు నాచు క్యాప్సూల్స్ వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 33. నాలుగేళ్లుగా హైపోథైరాయిడ్ ఉంది, రోజూ 50 మైక్రోగ్రాముల ట్యాబ్లెట్ వేసుకుంటున్నా. అమెరికాలో ఉండే మా ఆడపడుచు కెల్ప్ క్యాప్సూల్స్ పంపింది. సముద్రపు నాచులో అయోడిన్ బాగా ఉంటుంది, ఇవి వాడితే ట్యాబ్లెట్ మానేయొచ్చు, జపాన్ వాళ్లు రోజూ నాచు తింటారు కదా అంటోంది. రెండో బిడ్డ కోసం ప్లాన్ చేస్తున్నాం. వాడొచ్చా డాక్టర్ గారూ? - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దమ్మా, ఆ క్యాప్సూల్స్ వేసుకోవద్దు, మీ ట్యాబ్లెట్ మాత్రం ఒక్క రోజు కూడా మానొద్దు. మీ ఆడపడుచు ప్రేమతోనే పంపి ఉంటారు, కానీ మీ విషయంలో అది ఎదురు తిరిగే ప్రమాదం ఉంది.

థైరాయిడ్ హార్మోన్ తయారవ్వాలంటే అయోడిన్ కావాలి, అంతవరకు నిజమే. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాములు, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి 250 చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇప్పుడు మనం వండుకునే ప్యాకెట్ ఉప్పు చూడండి, ఇంటికొచ్చేసరికి గ్రాముకి కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలని రూలు, అంటే రోజుకి అయిదు గ్రాముల ఉప్పు తిన్నా 75 దాకా వచ్చేస్తుంది, మిగతాది పాలు, పెరుగు, గుడ్లు, చేపల నుంచి అందుతుంది. అదే కొంబు అనే జపాన్ నాచు (అది కూడా కెల్ప్ రకమే) ఎండుది ఒక్క గ్రాములోనే 2000 మైక్రోగ్రాములు దాటొచ్చు. పైగా ఇలాంటి క్యాప్సూల్స్ డబ్బా మీద రాసిన లెక్కకీ లోపల ఉన్నదానికీ చాలాసార్లు పొంతన ఉండదు.

ఉప్పులో అయోడిన్ కలుపుతున్న మన దగ్గర మీ వయసు ఆడవాళ్లలో హైపోథైరాయిడ్‌కి ఎక్కువగా కనిపించే కారణం హషిమోటో, అంటే మన ఇమ్యూనిటీయే మన థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీయడం. అలాంటి గ్రంథికి ఒక్కసారిగా అయోడిన్ ఎక్కువ పోస్తే అది హార్మోన్ తయారీని ఆపేస్తుంది, ఆరోగ్యంగా ఉన్న గ్రంథి అయితే కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది, దెబ్బతిన్నది సర్దుకోలేక అలాగే ఆగిపోతుంది, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే రక్తంలో పెరిగే ఇంకో హార్మోన్) ఇంకా పెరుగుతుంది. కొందరిలో దీనికి రివర్స్‌లో హార్మోన్ ఎక్కువైపోయి గుండె దడ, బరువు తగ్గడం, చేతుల వణుకు కూడా వస్తాయి.

జపాన్ వాళ్లు చిన్నప్పటి నుంచీ తింటారు కాబట్టి చాలామందికి అలవాటైపోయింది, అయినా అక్కడా అందరికీ పడలేదు. హొక్కైడో తీరంలో కొంబు విపరీతంగా తినేవాళ్లకి గొంతు దగ్గర గాయిటర్ వాపు వస్తోందని 1960ల్లోనే అక్కడి డాక్టర్లు గుర్తించారు, కొంబు తినడం తగ్గిస్తే వాపు కూడా తగ్గింది. అయోడిన్ లోపం వల్ల వచ్చే గాయిటర్ మన హిమాలయాల కింద కాంగ్రా లోయలో ఉండేది, 1950ల్లో మొదలుపెట్టి డాక్టర్ రామలింగస్వామి బృందం అక్కడ అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చి దాన్ని తగ్గించి చూపించింది. తక్కువైనా గాయిటరే, ఎక్కువైనా గాయిటరే, అందుకే డోస్ ముఖ్యం అని ఇంతగా చెబుతున్నాను.

నాకు ఎక్కువ దిగులు మీరు ప్లాన్ చేస్తున్న బిడ్డ గురించి. మొదటి మూడు నెలలు బిడ్డ మెదడు ఎదుగుదలకి తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం, అప్పుడు ట్యాబ్లెట్ మానేస్తే చాలా నష్టం. ఇక తల్లి అయోడిన్ మరీ ఎక్కువ తీసుకుంటే కడుపులో బిడ్డ థైరాయిడ్ కూడా మందగించొచ్చు, ఎందుకంటే ఆ సర్దుకునే శక్తి నెలలు నిండే దాకా దానికి సరిగా రాదు.

ఎప్పుడన్నా పిల్లలతో కలిసి రెండు నోరీ షీట్లు (సుషీకి చుట్టే పల్చటి నాచు) తింటే భయపడక్కర్లేదు, దాంట్లో కొంబు కంటే అయోడిన్ చాలా తక్కువ. పింక్ సాల్ట్, సైంధవ లవణం మాత్రం రోజూ వంటకి వాడకండి, వాటిలో అయోడిన్ చెప్పుకోదగ్గంత ఉండదు, ఆవకాయలో వేసే కళ్లుప్పు కూడా చాలావరకు అంతే. ఉప్పులోని అయోడిన్ పోకుండా, డబ్బా పొయ్యి పక్కన పెట్టకుండా మూత గట్టిగా పెట్టుకోండి.

క్యాప్సూల్స్ ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేసి, ఆరు వారాలకి టీఎస్‌హెచ్ చేయించుకోండి, దాంతోపాటు ఒక్కసారి యాంటీ టీపీఓ టెస్ట్ (హషిమోటో ఉందేమో చూసే రక్త పరీక్ష) కూడా. గర్భం కోసం ప్రయత్నించే ముందు టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండాలి. ట్యాబ్లెట్ పరగడుపున వేసుకుని, ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల గ్యాప్ ఇవ్వండి. ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్ వచ్చిన వారంలోనే మీ డాక్టర్‌ని కలవండి, అప్పటి నుంచి డోస్ పెంచాల్సి రావొచ్చు.